'గుడ్ మార్నింగ్ డాడీ' వీడియో అసలు సంగతి

గ్రంథాలయాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి ఆ వీడియో గురించి అడుగుతుంటారు. శిక్షణ తరగతుల్లో దాన్ని ఇంకా చూపిస్తున్నారట. ఒక చిన్నపిల్ల మంచం మీద పడుకున్న తండ్రి దగ్గరికి వెళ్లి, చెవి పక్కనే నిలబడి, "గుడ్ మార్నింగ్ డాడీ, శుభోదయం నాన్నా" అని అరుస్తుంది. ఆయన ఉలిక్కిపడి లేస్తాడు. ఎక్కడున్నాడో తెలియనట్టు ఒక క్షణం చూస్తాడు. తర్వాత నవ్వుతాడు. అంతే, నిమిషం కూడా ఉండదు. కుటుంబ భాగస్వామ్యం అంటే ఇలా ఉండాలని చెప్పి, మీచేత చప్పట్లు కొట్టిస్తారట.

నాకింకా పదవీ విరమణ వయసు రాలేదు. ముందే దిగిపోయాను. ఆరోగ్య కారణాలని రాసిచ్చాను గానీ ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. ఉద్యోగం లేదు కాబట్టి ఇప్పుడు నిజం చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ధైర్యం అక్కర్లేని సమయం చూసుకుని నిజం చెప్పడం నాకు మొదటి నుంచీ అలవాటే.

గోదావరిఖని చుట్టుపక్కల ఉన్న బొగ్గు కాలనీల్లో ఒకదానిలో మా గ్రంథాలయం ఉండేది. ఏ కాలనీయో చెప్పను. రెండు గదులు, ఇనుప బీరువాలు, దినపత్రికల బల్ల. ఉదయం రిటైరైన కార్మికులు వచ్చి పేపర్లు చదివేవాళ్లు, మధ్యాహ్నం పోటీ పరీక్షల పిల్లలు వచ్చి ఫ్యాను కింద కూర్చునేవాళ్లు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద నేను కూర్చునేవాణ్ని. ఆ ఉద్యోగానికి నాకంటే అర్హుడు లేడు. మా నాన్నది బాయి పని. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఆయనకు నైట్ షిఫ్టు వచ్చిన వారమంతా మేం ఇంట్లో గుసగుసలతో బతికేవాళ్లం. తెల్లవారి బాయి నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకున్న మనిషిని లేపకూడదు. గిన్నె కింద పడితే అమ్మ మమ్మల్ని కాదు, గిన్నెను తిట్టేది, అదీ పెదవులతోనే. సరిగా నిద్రపోని మనిషి బాయిలో ఏం చేస్తాడో, ఆయనకు ఏమవుతుందో కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ క్వార్టర్లో చూసినా అదే పద్ధతి. ఆ వారం ఆ ఇంటి పిల్లలు వీధి చివరికి వెళ్లి ఆడుకునేవాళ్లు. 

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదనే ముందుగా చెబుతున్నాను.

కరోనా వెళ్లిపోయాక ఒక వేసవిలో పైనుంచి కొత్త పథకం దిగింది. జూన్‌లో బడిలో చేరబోయే పిల్లల్ని తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ ఆన్‌లైన్‌లో సిద్ధం చేయాలి. బడి తన పని తాను చేసుకుంటుండగా గ్రంథాలయం దీంట్లో తలదూర్చడం ఎందుకని నేను అడగలేదు. లాప్‌టాప్ ఇచ్చారు, మొహం మీద వెలుగు పడేలా గుండ్రటి దీపం ఇచ్చారు, నా ఫొటో వేసుకోవడానికి చోటున్న ఫ్లెక్సీ ఇచ్చారు. ఇన్ని ఇచ్చాక ఎవరు ప్రశ్నలు అడుగుతారు?

పాఠం చెప్పడానికి ఒక అమ్మాయిని తీసుకున్నాం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంజినీరు గారి కూతురు. పాట పాడితే పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయేవాళ్లు. "ఇది బంతి, దిస్ ఈజ్ ఎ బాల్" అని ఆ అమ్మాయి అనగానే పిల్లలు గట్టిగా తిరిగి చెప్పాలి. గట్టిగా అన్నది ముఖ్యం. పైవాళ్లు కొన్న సాఫ్ట్‌వేర్ పిల్ల గొంతు విని, పేరు పక్కన పచ్చ చుక్క గానీ ఎర్ర చుక్క గానీ పెట్టేది. పచ్చ అంటే బడికి సిద్ధం. ఎరుపు అంటే సిద్ధం కాదు. ఊళ్లో ఒక ఇంగ్లిష్ మీడియం బడి వాళ్లు మా పచ్చ చుక్క ఉంటే పరీక్ష లేకుండా సీటు ఇస్తామన్నారు. దాంతో తల్లులందరూ మమ్మల్ని దేవుళ్లలా చూడటం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు పిల్లల్ని అరవొద్దని గదమాయించిన నేను, ఆ వేసవిలో ఫోన్లు చేసి మరీ మీ పిల్లను అరవమనండి అని చెప్పేవాణ్ని.

క్లాసు సమయం ఉదయం పదిన్నర. ఎందుకంటే జిల్లాలో మా పైఅధికారి పెద్దసారు ఆఫీసుకు వచ్చి, టీ తాగి, తెర మీద మమ్మల్ని చూసేది ఆ సమయానికే. పేపరు చదవడానికి వచ్చే ఒక ముసలి కాక ఫ్లెక్సీ మీద సమయం చూసి నవ్వాడు. "గీ కాలనీల నైట్ షిఫ్టోళ్లు పండుకునే పదిన్నరకు కోడి గూడ కూయది, సారూ," అన్నాడు. నేనూ నవ్వాను. 

మూడో వారానికి పచ్చ చుక్కలు బాగానే పడ్డాయి. ఒక పిల్లకు మాత్రం రోజూ ఎరుపే. నాలుగున్నరేళ్ల పిల్ల, రెండు జడలు, కళ్లు తెర మీదే. పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. మా లాప్‌టాప్‌కు వినిపించేదల్లా ఆ ఇంటి కూలరు మోత. సాఫ్ట్‌వేర్ లెక్కన ఆ ఇంట్లో ధారాళంగా మాట్లాడేది కూలరొక్కటే. ఈ ఒక్క ఎర్ర చుక్క వల్ల మా కేంద్రం జిల్లాలో రెండో స్థానంలో ఆగిపోయింది. 

పిల్ల తల్లికి ఫోన్ చేశాను. పిల్లను కంపెనీ దవాఖానలో చెవుల డాక్టరుకు చూపించమని సలహా ఇచ్చాను, ఎంతో దయగా.

"చెవులు మంచిగనే ఉన్నయి సార్," అంది ఆమె, గొంతు తగ్గించి. "మాటలు గూడ మస్తు చెప్తది. ఆయనకు గీ నెలంత నైట్ షిఫ్టే. గదే రూముల పండుకున్నడు."

వెనుక గదిలో కూర్చోమన్నాను. వెనుక గదిలో సిగ్నల్ రాదంది. ముందు గదిలో కిటికీ దగ్గరే వస్తుందట. కిటికీకి కూలరు, కూలరు ముందు మంచం, మంచం మీద ఆయన. బయట అరుగు మీద కూర్చోమన్నాను. "గీ ఎండలనా సార్?" అంది.

ఆమె నాకు అంతా చెప్పింది. అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఆ ఫోను పెట్టేశాక నేను రిపోర్టులో ఏం రాశానంటే, 'తండ్రి నుంచి సహకారం లేదు.' 

పాఠం చెప్పే అమ్మాయి మాత్రం సాయంత్రం ఐదింటికి మారుద్దామంది. అప్పటికి అన్ని షిఫ్టుల వాళ్లూ ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు, పిల్లలూ ఆడుకునే సమయం. ఐదింటికి పెద్దసారు చూడరని చెప్పాను. 

"క్లాసు పిల్లలకా అండీ, పెద్దసారుకా?" అంది.

ఉద్యోగం కొత్త, నెమ్మదిగా నేర్చుకుంటావులే అన్నాను. ఆ అమ్మాయి నేర్చుకోలేదు. ఏడాది తిరక్కుండానే మానేసి ఎక్కడో బడిలో చేరిపోయింది. 

తర్వాత ఆ తల్లికి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి దయ తగ్గించి నిక్కచ్చిగా మాట్లాడాను. ఇలాగే ఉంటే సీటు రాదమ్మా, ఇంకో ఏడాది అంగన్‌వాడీలోనే కూర్చోవాలి, ఆలోచించుకో అన్నాను. క్లాసు జరిగేంతసేపూ కూలరు ఆపమన్నాను. పిల్లను గొంతు విప్పి చెప్పమనమన్నాను. ఆయన బాయి పని చేసేది ఎవరి కోసం, పిల్ల కోసమేగా అని ఒక మాట కూడా విసిరాను.  ఆమె, "సరే సార్. ఆయనకు చెప్త," అంది.

ఆ వారమే పైనుంచి కుటుంబ భాగస్వామ్యం అన్న అంశం వచ్చింది. పిల్ల రోజూ తండ్రికి రెండు భాషల్లోనూ శుభోదయం చెప్పాలి, ఆ వీడియో పంపాలి. శుభోదయం అనే మాట మా కాలనీలో కేలండర్ల మీద తప్ప ఎవరి నోటా వినలేదు. అయినా పంపమన్నాను. చాలామంది తండ్రులు డ్యూటీలో ఉన్నారని తాతలతోనో మేనమామలతోనో తీసి పంపారు. ఈ పిల్ల తండ్రి మాత్రం ఇంట్లోనే ఉన్నాడుగా. నడి వేసవి, ఉదయం పదిన్నర, కూలరు ఆగిపోయిన గది, చొక్కా లేకుండా చెమటలో పడుకున్న మనిషి. పిల్ల చెవిలో అరిచింది. ఎన్నాళ్లుగానో నోరు నొక్కుకున్న పిల్ల, అరవమని అమ్మే చెబితే ఊరుకుంటుందా? ఇల్లంతా దద్దరిల్లేలా అరిచింది. మొదటిసారి పచ్చ చుక్క పడింది.

నేను ఆ వీడియోను పెద్దసారుకు పంపాను. ఆయన పైవాళ్లకు పంపాడు. పైవాళ్లు అందరికీ పంపారు. రెండు రోజుల్లో మా కాలనీ వాట్సాప్ గ్రూపుల నిండా అదే. బాగుంది, కానీ వెలుతురు తక్కువగా ఉంది, ఇంకొకటి తీయించండి అని పెద్దసారు కబురు చేశాడు. ఆ వారమంతా రోజూ తీయించాను. రోజూ పదిన్నరకు ఆ మనిషిని పిల్ల లేపింది, తల్లి ఫోన్ పట్టుకుంది. లేచాక ఆ ఎండకు మళ్లీ నిద్ర పట్టేది కాదని తర్వాత తెలిసింది. మొదటి వీడియోలో ఉన్నంత సహజత్వం మిగతావాటిలో రాలేదని పెద్దసారు నొచ్చుకున్నాడు.

ఆ పిల్ల తండ్రి పని బాయి లోపల టబ్బులు లాగే ఇంజిన్ దగ్గర. బొగ్గు నింపిన టబ్బుల వరసను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజిన్ అది. కింద నుంచి గంట కొడతారు, గంటను బట్టి నడపాలి, ఆపాలి. ఆ వారం చివరి షిఫ్టులో కింద నుంచి ఎన్నిసార్లు గంట కొట్టినా ఇంజిన్ కదల్లేదు. షిఫ్టు చూసే ఓవర్‌మన్ వెళ్లి చూస్తే, ఆయన కూర్చున్నచోటే గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. భుజం పట్టి ఊపినా వెంటనే లేవలేదట. ఎవరికీ ఏమీ కాలేదు. తాడు కదలని సమయం కాబట్టి కాలేదు. డ్యూటీలో నిద్రపోయినందుకు చార్జిషీటు ఇచ్చారు. ఇవ్వకపోతే తప్పు. ఓవర్‌మన్ తన పని తాను చేశాడు. ఊపినా లేవలేదన్న మాట మాత్రం బాయి దాటి కాలనీలోకి వచ్చేసరికి తాగి పడిపోయాడన్న మాటగా మారింది. మారడానికి ఆ వీడియో కూడా సాయం చేసింది. చూశారుగా, పట్టపగలు పదిన్నరకు మంచం మీద, చొక్కా లేకుండా, కళ్లు ఎర్రగా, తూలుతూ లేస్తాడు అని జనం చూపించుకున్నారు. షిఫ్టుల సంగతి తెలిసిన కాలనీయే అలా అంది. నైట్ షిఫ్టు సంగతి నేనే మరిచిపోతే ఇక వాళ్లననేదేముంది? 

ఎంక్వైరీ పెట్టారు. దానికి ముందు రోజు ఆ పిల్ల తల్లి గ్రంథాలయానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. 

"సార్, మీరు ఒక్క మాట చెప్పున్రి," అంది. "పొద్దుగాల లేపుమని మీరే అన్నరని చెప్పున్రి. ఆయన తాగలేదు సార్. నిద్ర లేక గట్లయిండు. నౌకరి పోతె మేం యాడికి పోవాలె?" 

వస్తానన్నాను. నిజంగానే వెళ్లాలనుకున్నాను. ఆ మాత్రం మనిషినే. మర్నాడు ఉదయం బట్టలు వేసుకుంటుండగా పెద్దసారు ఫోన్ చేశాడు. వీడియోను రాష్ట్ర స్థాయి సభకు ఎంపిక చేశారని, నాకు సన్మానం ఉందని చెప్పాడు. అక్కడేదో ఎంక్వైరీ గొడవ అంటున్నారు, గ్రంథాలయం పేరు అందులోకి లాక్కురావద్దు, జాగ్రత్తగా మాట్లాడు అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. నేనూ చెప్పలేదు. అబద్ధం అవసరమే పడలేదు. 

ఎంక్వైరీ గదిలో నన్ను చూడగానే అధికారి లేచి నిలబడ్డాడు. వీడియో సారు మీరేనా అని కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆయన మంచి మనిషి. ఆ కార్మికుడికి ఉపయోగపడే మాట ఏదైనా నా నోటి నుంచి రావాలని చూస్తున్నట్టే అడిగాడు. మీ క్లాసు తప్పనిసరా అన్నాడు. 

"కాదండీ," అన్నాను. "వీలున్నవాళ్లే చేరతారు."

నిద్రపోతున్న తండ్రిని లేపమని మీరు చెప్పారా అన్నాడు. 

"కుటుంబ భాగస్వామ్యం ఉండాలని చెప్పామండీ. నిద్ర లేపమని మేం ఎక్కడా రాయలేదు." 

ప్రతి మాటా నిజమే. ఆ రెండు వాక్యాలూ నా ఉద్యోగ జీవితంలో నేను తీర్చిదిద్దిన అత్యుత్తమ తెలుగు. అధికారి పెన్ను పట్టుకుని, ఇంకేమైనా చెబుతారా అని అడిగాడు. నేను టీ తాగాను. ఆ పిల్ల తండ్రి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నావైపు చూశాడు, కోపంగా కాదు. కొట్లో సరుకు లేదని చెబితే మనం ఎలా చూస్తాం, అలా. తర్వాత తలతిప్పుకుని, నిద్రపోయిన మాట నిజమేనని చెప్పి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోలేదు. కొంతకాలం సస్పెండ్ చేసి, శ్రీరాంపూర్ వైపు ఒక బాయికి మార్చారు. వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. పిల్లకు పచ్చ చుక్కతో వచ్చిన సీటు ఇక్కడే ఉండిపోయింది. 

సన్మాన సభలో శాలువా కప్పారు. ఒక వక్త మా కేంద్రం గురించి ఉద్వేగంగా మాట్లాడాడు. తాగుబోతు తండ్రి ఉన్న ఇంట్లో కూడా అక్షర దీపం వెలిగించిన మహనీయుడు అంటూ నావైపు చెయ్యి చాపాడు. సభంతా చప్పట్లు. వేదిక మీద మైకు నాకు రెండు అడుగుల దూరంలో ఉంది. మీకు నేను చెప్పదలచిన విషయం ఇదే. ఎంక్వైరీలో మాట్లాడకపోవడానికి నాకు భయం అనే సాకుంది. అక్కడ ఏ సాకూ లేదు. నేను లేచి, రెండు చేతులూ జోడించి, నవ్వి, కూర్చున్నాను. ఆ మాటలే సభ ప్రత్యేక సంచికలో అచ్చయ్యాయి. నా ఫొటో బాగా వచ్చింది. 

ఆ తర్వాత కూడా ఉద్యోగం చేశాను. పథకం మరుసటి ఏడాది ఆగిపోయింది, ఇంకో పథకం వచ్చింది, దానికీ ఫ్లెక్సీ వచ్చింది. శాలువా బీరువాలో పడి ఉండేది. చివరికి ఒక శిక్షణకు నన్ను వక్తగా పిలిచి, ఆ వీడియో వేసి, ఆ సంచికలోని వాక్యాన్నే నా పరిచయంగా చదివారు. ఇంటికి వచ్చి రాజీనామా రాశాను. మనస్సాక్షి మేల్కొందని అనుకోకండి. దానిది మంచి నిద్ర. ప్రతిసారీ అదే వాక్యం వినడం భరించలేకపోయానంతే. 

తర్వాత శ్రీరాంపూర్ వెళ్లాను. వాళ్ల ఇంటికి వెళ్లే మొహం లేక, బాయి గేటు దగ్గరి టీ కొట్లో కూర్చున్నాను. మొదటి షిఫ్టు వదిలాక జనంతో పాటు ఆ పిల్ల తండ్రి బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. 

"ఏంది సారూ, గిట్లచ్చిన్రు," అన్నాడు. పాత చుట్టాన్ని పలకరించినట్టే అడిగి, నేను వద్దంటున్నా టీ చెప్పాడు. 

దారంతా కూడబెట్టుకుని వచ్చిన క్షమాపణ అంతా చెప్పాను. చాలాసేపే పట్టింది. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు. 

"మీరు నిజం చెప్తరని మా ఇంటామె మస్తు నమ్మింది," అన్నాడు. "నేను నమ్మలె. మీకూ నౌకరి ఉన్నది గద. సస్పెన్షన్ గిట్ల ఏం ఫికర్ లేదు సారూ. డ్యూటీల పండుకున్నది నిజమే. కింద ముగ్గురు మనుషులుండె." 

గ్లాసు కింద పెట్టాడు. 

"కని తాగిండన్నరు సూడున్రి, గదొక్కటే. బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. బడిల ఎవడో పోరడు ఫోన్ల వీడియో చూపెట్టిండట, మీ నాయిన తాగుబోతు గద అని. ఇంటికచ్చి నన్ను అడిగింది. నేనే లేపిన గద నాయినా, నువ్వు గప్పుడు తాగి ఉన్నవా అని." 

నన్నేం చేయమంటావు తమ్ముడూ అని అడిగాను. కంపెనీకి ఉత్తరం రాయనా, ఆ వీడియో తీసేయించనా అన్నాను. వీడియో ఇక ఎవరి అదుపులోనూ లేదని ఆయనకు నాకంటే బాగా అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. 

"మీకు రాసుడస్తది గద సారూ. రాయున్రి. నా పేరెందుకు, మావోళ్లందరికి ఎరుకే. మొత్తానికే తాగడని మాత్రం రాయకున్రి, ఎవ్వలు నమ్మరు. పండుగకు తాగుత, పెండ్లికి తాగుత. డ్యూటీ నాడు ముట్ట. గట్లనే రాయున్రి. బిడ్డకు సదివిపిస్త." 

అంతలో బస్సు వచ్చింది. టీ డబ్బులు ఆయనే ఇచ్చి ఎక్కాడు. 

అందుకే ఇది రాశాను. అమ్మా, మీ నాన్న పండుగకు తాగుతాడు, పెళ్లికి తాగుతాడు. డ్యూటీ ఉన్న రోజు ముట్టడు. ఆ రోజు నువ్వు లేపినప్పుడు ఆయన తాగి లేడు. రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చి నిద్రపోతున్నాడు. లేపమన్నది నువ్వు కాదు, మీ అమ్మ కాదు. గ్రంథాలయం. గ్రంథాలయం అంటే నేను.